పెద్ద స్థాయిలో ఆడకపోయినా అమెరికాలో కాలేజీ ఉమెన్స్ బాస్కెట్‌బాల్ కోచ్ కావచ్చా?

మీ అమ్మాయి ఇండియాలో యూనివర్సిటీ జట్టులో సౌత్ జోన్ దాకా ఆడిందనీ, మాస్టర్స్‌కి అమెరికా వెళ్తోందనీ, అక్కడ కాలేజీ అమ్మాయిల జట్టుకు కోచ్ అవుతానని పట్టుబడుతోందనీ రాశారు. డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్) గడప తొక్కనివాళ్ళను ఎవరు తీసుకుంటారన్నది మీ అనుమానం. తీసుకుంటారండీ. నేనూ అంతవరకే ఆడాను. జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌గా చేరి, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (మాస్టర్స్ చదువుతూనే కోచ్‌లకు సాయపడే పోస్టు) అయి, కొన్నాళ్ళు వీడియో పని చూసి, ఇప్పుడు ఒక డివిజన్ 2, అంటే కాలేజీ ఆటల్లో రెండో అంచె, కాలేజీలో అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాను.

గొప్పగా ఆడినవాళ్ళకు అవకాశం తొందరగా వస్తుంది, అది నిజమే. పేరున్న క్రీడాకారిణి డాన్ స్టేలీ 2000లో టెంపుల్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యారు, అప్పటికింకా డబ్ల్యూఎన్‌బీఏలో ఆడుతూనే ఉన్నారు. 2025 నాటికి సౌత్ కరోలినా యూనివర్సిటీలో ఆవిడ జీతం ఏడాదికి దాదాపు 40 లక్షల డాలర్లు. అలాంటివాళ్ళు ఎంతమందుంటారు? డబ్ల్యూఎన్‌బీఏలో ఆడకుండానే పెద్ద కోచ్ అయిన టారా వాన్‌డర్‌వీర్ సంగతి చూడండి. ఇండియానా యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో అక్కడి కోచ్ బాబ్ నైట్ మగపిల్లల జట్టు చేత ప్రాక్టీస్ చేయిస్తుంటే అక్కడ కూర్చుని నోట్స్ రాసుకునేవారు. ఆ తర్వాత ఒహాయో స్టేట్‌లో జీతం లేని అసిస్టెంట్‌గా మొదలుపెట్టారు. 2024లో స్టాన్‌ఫర్డ్ నుంచి రిటైర్ అయ్యేసరికి ఆవిడ ఖాతాలో 1,216 విజయాలున్నాయి.

మేనేజర్ అంటే పేరు పెద్దదిగా వినిపిస్తుంది గానీ పని మాత్రం తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు, ప్రాక్టీసులో గడియారం నడపడం, షూటింగ్ చేసేవాళ్ళకు బంతి తిరిగి అందించడం. అసలు నేర్చుకునేది వీడియో దగ్గర. ప్రత్యర్థి ఆడిన పాత మ్యాచ్‌లు ముందేసుకుని, ఏ సైగకు ఏ ఆట వేస్తున్నారో చూసి ముక్కలు కత్తిరించాలి. ఒకసారి అవతలి కోచ్ చెవి పట్టుకున్న ప్రతిసారీ వాళ్ళ పొడుగమ్మాయి ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చి స్క్రీన్ పెట్టడం (మా అమ్మాయి దారికి అడ్డంగా నిలబడడం), బంతి నడిపే గార్డు ఎడమవైపే దూసుకెళ్ళడం నా కంట పడింది. ఆ మ్యాచ్‌కి స్కౌటింగ్ రిపోర్టు, అంటే ప్రత్యర్థి ఆటతీరు మీద నోట్, రాస్తున్న అసిస్టెంట్ కోచ్‌కి చూపించాను. ఇక్కడ అమ్మాయిల జట్లు మామూలు విద్యార్థుల్లోంచి అబ్బాయిలను తెచ్చుకుని వాళ్ళతో ప్రాక్టీస్ చేస్తాయి. ఆ అసిస్టెంట్ కోచ్ మర్నాడు ఆ అబ్బాయిల చేత అదే ఆట ఆడించి, ఎడమ దారి ఎలా మూయాలో మా వాళ్ళకు నేర్పించారు. మ్యాచ్‌లో ఆ కోచ్ చెయ్యి చెవి మీదికి వెళ్ళిందో లేదో, మా బెంచీ అంతా లేచి "లెఫ్ట్, లెఫ్ట్" అని ఒకటే అరుపు! తర్వాత గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ అయినప్పుడు నా పేరు చెప్పింది ఆవిడే.

అందుకే మీ అమ్మాయికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: కాలేజీ పేరు చూసి కాదు, ఎవరి కింద పని చేస్తున్నామో చూసి చేరాలి. ఈ ఉద్యోగాలు మనుషుల వెంట నడుస్తాయి. జ్యాన్ జెన్సన్ డ్రేక్ యూనివర్సిటీలో హెడ్ కోచ్ లీసా బ్లూడర్ దగ్గర ఆడారు, ఆవిడ దగ్గరే అసిస్టెంట్ అయ్యారు, 2000లో ఆవిడతో పాటే అయోవా యూనివర్సిటీకి వెళ్ళారు. 2024లో బ్లూడర్ రిటైరయ్యాక ఆ కుర్చీ జెన్సన్‌కే వచ్చింది. దీనికి రెండోవైపు కూడా ఉంది. నేను ముందు పనిచేసిన కాలేజీలో హెడ్ కోచ్‌ను తీసేశారు, ఆవిడతో పాటు మా స్టాఫ్ అందరి ఉద్యోగాలూ పోయాయి. వీసా మీద ఉన్నవాళ్ళకు అప్పుడుండే టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, అసిస్టెంట్ కోచ్ రోజులో ఆట కన్నా రిక్రూటింగే, అంటే జట్టుకు కొత్త పిల్లల్ని వెతికి ఒప్పించడమే, ఎక్కువ. జూలై అంతా జిమ్‌ల చుట్టూ తిరగడం, హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులతో ఫోన్లు. ఇప్పుడు పిల్లలు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే వేరే కాలేజీకి మారిపోవచ్చు కాబట్టి, ఉన్నవాళ్ళను నిలబెట్టుకోవడం కూడా రిక్రూటింగ్ కిందే లెక్క. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడడం మీ అమ్మాయికి ఇష్టమేనా? ముందు అది అడగండి. 2023 జూలై నుంచి డివిజన్ 1 (అన్నిటికన్నా పై అంచె) జట్లు ఇంకో ఇద్దరు కోచ్‌లను పెట్టుకోవచ్చు. ఆ నిబంధన వచ్చినప్పుడు వాళ్ళు శిక్షణ ఇవ్వచ్చు గానీ, బయటికెళ్ళి రిక్రూట్ చేయకూడదన్నారు. కొత్తవాళ్ళకు ఇది మంచి మెట్టు.

వీసా సంగతి. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు, ఆ గంటలు దాటకూడదని ముందే మాట్లాడుకోవాలి. ఓపీటీలో (స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) చేసే ఉద్యోగం చదివిన డిగ్రీకి సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చదివి కోచింగ్ అంటే కుదరదు, కైనీసియాలజీయో (శరీర కదలికల శాస్త్రం) స్పోర్ట్ మేనేజ్‌మెంటో తీసుకోవాలి. యూనివర్సిటీలకు హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ లేదు, అది మనకు కలిసొచ్చేదే. కానీ ఆ ఉద్యోగానికి ఫలానా డిగ్రీయే కావాలని కాలేజీ చూపించాలి, చిక్కంతా అక్కడే. డిగ్రీ ఎంచుకునే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తెలుసుకోమనండి.

అడ్మిషన్ ఖాయం కాగానే జట్టు ఏర్పాట్లన్నీ చూసుకునే ఆపరేషన్స్ డైరెక్టర్‌కి ఈమెయిల్ రాయాలి. సీజన్ మొదలయ్యాక రాస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదు, ఆగస్టు లోపే పంపాలి. ఆ జట్టు కిందటి సీజన్ మ్యాచ్ ఒకటి తీసుకుని, తానే కత్తిరించిన ఐదారు క్లిప్పులు, ఒక పేజీ నోట్స్ జత చేస్తే చాలు. ఏ కాలేజీలో సీటు వచ్చిందో ఇక్కడ రాయండి. అక్కడి స్టాఫ్‌లో నాకు తెలిసినవాళ్ళుంటే చెప్తాను.