మూడూ డాలస్‌లోనే అంటున్నారు, దేంట్లో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయికి ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్‌లో మూడు అడ్మిషన్లు వచ్చాయి. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) డాలస్, యూటీ ఆర్లింగ్టన్, డెంటన్‌లోని నార్త్ టెక్సస్ యూనివర్సిటీ. మూడూ డాలస్‌లోనే అంటున్నారు. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్లో మా బావమరిది ఉంటాడు. వాళ్లింట్లో ఉండి ఎందులోనైనా చదువుకోవచ్చు కదా? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ముందు ఆ 'డాలస్' అన్న మాట దగ్గరే కాసేపు ఆగుదామండీ. ఘట్‌కేసర్‌లో చదివినా, సంగారెడ్డి దగ్గర చదివినా మనవాళ్లు హైదరాబాద్‌లో చదివామనే చెబుతారు. అక్కడా అంతే. డాలస్–ఫోర్ట్‌వర్త్ మెట్రో అంటే 11 కౌంటీలు. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. 2020 జనగణన ప్రకారం అక్కడ 76 లక్షల పైచిలుకు జనం ఉంటే, డాలస్ నగరంలో ఉన్నది 13 లక్షల మందే. మిగతావాళ్లు చుట్టూ ఉన్న ఊళ్లలో ఉంటారు. బస్సు, రైలు వేయాలా వద్దా అన్నది కూడా ఏ ఊరికా ఊరే తేల్చుకుంటుంది.

యూటీ డాలస్ ఉన్నది రిచర్డ్‌సన్‌లో, డాలస్, కాలిన్ కౌంటీల సరిహద్దు మీద. ఫ్రిస్కో నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు. డెంటన్ ఉత్తరాన వేరే కౌంటీ, ఫ్రిస్కోకి 40 కిలోమీటర్లు. ఆర్లింగ్టన్ అయితే టారెంట్ కౌంటీలో, 60 కిలోమీటర్ల పైమాటే. దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న ఆర్లింగ్టన్‌లో మనకు తెలిసిన తరహా సిటీ బస్సులు లేవు, ఫోన్‌లో బుక్ చేసుకుంటే వచ్చే చిన్న వ్యాన్లే దిక్కు. ఫ్రిస్కోకి డాలస్ లోకల్ రైలు రాదు. కారు లేని పిల్ల రోజూ ఎలా వెళ్లి వస్తుంది?

ఉద్యోగాల గురించి మీకు టెన్షన్ ఉంటుంది, నిజమే. ఆఫీసులు, జనం ఉత్తరం వైపే పెరుగుతున్నారు. కాలిన్ కౌంటీ జనాభా 2010లో 7.8 లక్షలు, 2020 నాటికి 10.6 లక్షలు. టయోటా అమెరికా ప్రధాన కార్యాలయం ప్లేనోలో ఉంది, రిచర్డ్‌సన్‌లో టెలికం కంపెనీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఫోర్ట్‌వర్త్ వైపు విమానాల తయారీ పెద్దదే గానీ, యుద్ధవిమానాల పనుల్లో పౌరసత్వం అడుగుతారు, మనపిల్లలకు ఆ తలుపు దాదాపు మూసినట్టే. అయితే ఓపీటీలో, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసుకోనిచ్చే అనుమతిలో, ఉద్యోగం అమెరికాలో ఎక్కడైనా చేసుకోవచ్చు. కాబట్టి కౌంటీని చూసి కాలేజీని ఎంచుకోవద్దు.

ఫీజు, సబ్జెక్టులు దగ్గరదగ్గరగా ఉంటే, మామయ్య ఇంటికి దగ్గర కాబట్టి నేను యూటీ డాలస్ వైపే మొగ్గుతాను. మిగతా రెండింట్లో ఏదైనా అసిస్టెంట్‌షిప్‌గానీ (ప్రొఫెసర్లకు బోధనలో, పరిశోధనలో సాయపడితే డబ్బిచ్చే పని), ఫీజు తగ్గింపుగానీ ఇస్తే నిశ్చింతగా అక్కడికే పంపండి. కానీ ఎక్కడ చేరినా క్యాంపస్ పక్కనే గది తీసుకోనివ్వండి. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటల వరకు చేసుకోగలిగే పని దొరికేదీ క్యాంపస్‌లోనే. మామయ్య ఇంటికి శనాదివారాలు వెళ్లొచ్చు.

ఒక పని చేయండి. ఇవాళ సాయంత్రం ఆరున్నరకు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఫ్రిస్కో నుంచి ఆర్లింగ్టన్‌కి దారి అడగండి. వేసవిలో అయితే అక్కడ అప్పుడు ఉదయం ఎనిమిది, చలికాలంలో ఏడు. కారుకి ఎంతసేపు చూపిస్తుందో రాసుకుని, తర్వాత బస్సు గుర్తు నొక్కండి. ఆ రెండు అంకెలూ అమ్మాయికీ, మీ బావమరిదికీ చూపించి మాట్లాడండి.