టీకా వేసిన ఆవుకు బ్రూసెల్లా పాజిటివ్ వస్తే?

ప్రశ్న: మా ఆవుకు పెయ్యగా ఉన్నప్పుడే బ్రూసెల్లా (పశువులకు గర్భం పోయేలా చేసే అంటురోగం) టీకా వేయించాం. ఇప్పుడు తొలిచూలు ఏడో నెలలో ఈసుకుపోయింది (గర్భం పోయింది). రక్తపరీక్షలో పాజిటివ్ అన్నారు. అది టీకా వల్ల వచ్చిందేనా?
– ఒక పాడి రైతు

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. మన దగ్గర వేసే ఎస్19 టీకాలో ఉండేది బలహీనపరిచిన బ్రూసెల్లా క్రిమే, రోజ్ బెంగాల్ అనే రక్తపరీక్ష చూసేది రక్తంలోని యాంటీబాడీలనే (క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే పదార్థాలు), కాబట్టి అవి టీకా వల్ల పుట్టాయా రోగం వల్ల పుట్టాయా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. కానీ 4–8 నెలల వయసులో ఒక్కసారి వేస్తే, పశువు ఎదిగేసరికి ఆ యాంటీబాడీలు చాలావరకు తగ్గిపోతాయి. పెద్ద వయసులో వేస్తేనే ఎక్కువ కాలం నిలుస్తాయి. పైగా టీకా పూర్తి రక్షణ ఇవ్వదు. ఈసుకుపోయింది, పాజిటివ్ కూడా వచ్చింది అంటే నేనైతే రోగమనే అనుమానిస్తాను. ఎలీసా (యాంటీబాడీలను చూసే ఇంకో రక్తపరీక్ష) చేయించండి, కొన్ని వారాలాగి రెండో నమూనా కూడా ఇవ్వండి, యాంటీబాడీలు పెరుగుతున్నాయేమో తెలుస్తుంది. ఇంకోసారి ఇలా జరిగితే మాయ నుంచి నమూనా వెంటనే ల్యాబ్‌కు పంపించమని డాక్టరు గారిని అడగండి, అందులో క్రిమి దొరికితే ఇక సందేహమే ఉండదు.

ఈలోగా ఆవును వేరుగా కట్టేయండి. ఈ రోగం మనుషులకూ అంటుతుంది. మాయను, స్రావాలను ఒట్టి చేతుల్తో అస్సలు ముట్టుకోవద్దు, పచ్చిపాలు తాగొద్దు. ఇంట్లో ఎవరికైనా వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు ఉంటే ఆవు సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.