టెక్ సందేహాలు: మోటరు ఆగాలి, ప్రోగ్రాం ఆగకూడదు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క చోటే తిరిగాయి. ఆర్డుయినో బోర్డు (మనం రాసిన ప్రోగ్రాంతో లైట్లు, మోటర్లు నడిపే చిన్న సర్క్యూట్) కొన్నారు, ఎల్‌ఈడీ వెలిగించారు, ఆ తర్వాత ఏం చేయాలో తోచడం లేదు. అందుకే ఫోన్ బ్యాటరీలు, వాట్సాప్ బ్యాకప్‌ల సంగతి వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: మాది నల్లగొండ. డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం. యూట్యూబ్‌లో చూసి కోడ్ ఎక్కిస్తే పనిచేస్తుంది. సొంతంగా రాద్దామంటే మొదటి లైను దగ్గరే ఆగిపోతున్నా. మా సార్ ముందు ఫ్లోచార్ట్ (పనుల వరస చూపే బొమ్మ) గీయండి, సూడోకోడ్ (అదే వరస మామూలు మాటల్లో) రాయండి అంటారు. అవి మార్కుల కోసమే కదా? సంపులోంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటరును ఆటోమేటిక్ చేయడం నా ప్రాజెక్టు. నేను గీసిన ఫ్లోచార్ట్ ఫొటో పంపుతున్నా. తప్పులుంటే చెప్పండి.

జవాబు: స్కేలు పెట్టి శుభ్రంగా గీశారు. పైన కోడిగుడ్డు ఆకారంలో ‘స్టార్ట్’. దాని కింద డైమండ్‌లో ‘ట్యాంకు నిండిందా?’ అన్న ప్రశ్న. అవునంటే మోటరు ఆఫ్, కాదంటే ఆన్. రెండు బాణాలూ కలిసి అడుగున ‘స్టాప్’ దగ్గర చేరాయి. నా పేచీ ఆ స్టాప్‌తోనే.

రెండు అంకెలు కూడి జవాబు చూపించే లెక్కకైతే స్టాప్ ఉంటుంది. మైక్రోకంట్రోలర్‌కు, అంటే బోర్డు మీదుండే చిప్‌కు, అసలు పని అయిపోవడమనేదే ఉండదు. బత్తాయి తోటకు కావలి ఉన్న మనిషి సాయంత్రం ఒక్కసారి చుట్టి వచ్చి ఇంటికెళ్లి పడుకుంటే తోట మిగులుతుందా? మీ ఫ్లోచార్ట్ చేస్తున్నది అదే. కరెంటు రాగానే ఒకసారి ట్యాంకు చూసి, మోటరు వేసి వెళ్లిపోతుంది. నీళ్లు పొర్లిపోతున్నా తిరిగి చూడదు. కాబట్టి స్టాప్ కొట్టేసి, అక్కడి బాణాన్ని మళ్లీ ప్రశ్న దగ్గరికి తిప్పండి. ఆర్డుయినోలో ‘సెటప్’, ‘లూప్’ అని రెండు భాగాలుండేది ఇందుకే. మొదటిది కరెంటు వచ్చినప్పుడు ఒక్కసారి నడుస్తుంది, రెండోది కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది.

రెండో సంగతి. మీరు ఒకే సెన్సర్ పెట్టారు. నీళ్లు సరిగ్గా దాని అంచుకు వచ్చినప్పుడు చిన్న అల లేస్తే ‘నిండింది’, అల తగ్గితే ‘నిండలేదు’. రిలే (మోటరును వేసి ఆపే స్విచ్) టకటకా కొట్టుకుంటుంది. ట్యాంకులో పైన ఒక ఫ్లోట్ (నీళ్ల మీద తేలుతూ మట్టం చెప్పే స్విచ్), కింద ఒక ఫ్లోట్ పెట్టండి. కిందిది దాటి నీళ్లు దిగితే వేయాలి, పైదాకా వస్తే ఆపాలి. మధ్యలో ఉంటే అప్పటిదాకా ఎలా ఉందో అలాగే వదిలేయాలి. సంపులో నీళ్లున్నాయో లేదో తెలియడానికి అందులోనూ ఒక ఫ్లోట్ కావాలి.

ఇక సూడోకోడ్. దాన్ని ఇంగ్లిష్‌లోనే రాయాలని రూలేం లేదు. మీరు ఊళ్లో లేనప్పుడు తమ్ముడికి ఫోన్లో చెప్పినట్టు రాయండి. నేను రాస్తే ఇలా వచ్చింది:

కరెంటు రాగానే: మోటరు ఆపి ఉంచు.
ఆ తర్వాత ఎప్పటికీ ఇదే చెయ్యి:
– పై ఫ్లోట్ దాకా నీళ్లొచ్చాయా? వస్తే మోటరు ఆపు.
– లేదంటే: కింది ఫ్లోట్ కంటే నీళ్లు దిగాయా, సంపులో నీళ్లున్నాయా? రెండూ అవునైతే మోటరు వెయ్యి.
– ఏదీ కాకపోతే: ఉన్నదున్నట్టు ఉంచు.

చదవడానికి బాగానే ఉంది కదా. ఇప్పుడొక రూపాయి బిళ్ల తీసుకుని మొదటి లైను మీద పెట్టండి. ఈ రోజు నల్లా రాలేదనుకుందాం. మోటరు నడుస్తోంది, పై ట్యాంకు సగమైంది, సరిగ్గా అప్పుడే సంపు ఖాళీ అయింది. బిళ్ల జరపండి. పై ఫ్లోట్ దాకా వచ్చాయా? లేదు. కింది ఫ్లోట్ కంటే దిగాయా? అదీ లేదు, ట్యాంకు సగముంది. బిళ్ల మూడో లైనుకు చేరింది: ఉన్నదున్నట్టు ఉంచు. అంటే మోటరు నీళ్లు లేకుండా ఉత్తగా తిరుగుతూనే ఉంటుంది. ముందు సీలు పోతుంది, తర్వాత వైండింగు.

ఈ తప్పును కంపైలర్ (కోడ్‌ను చిప్‌కు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) పట్టుకోదు. సెమీకోలన్లన్నీ ఉన్న చోటే ఉంటాయి, కోడ్ హాయిగా ఎక్కుతుంది. పట్టుకునేది రూపాయి బిళ్లే. మందు కూడా చిన్నదే. ‘సంపు ఖాళీ అయిందా? అయితే మోటరు ఆపు’ అన్న ప్రశ్నను అన్నిటికంటే పైకి తేవాలి. మార్చాక మళ్లీ బిళ్ల జరపండి. ఇంకో చిక్కు కూడా ఉంది: సంపులోకి నల్లా నీళ్లు సన్నగా పడుతున్నాయి, పై ట్యాంకు ఖాళీ. అప్పుడు ఏమవుతుందో మీరే చూసి, మందు కనిపెట్టండి. దాన్ని కావాలనే మీకు వదిలేస్తున్నా.

కాగితం మీద సరిపోయాక కోడ్ రాయడం దాదాపు కాపీ పనే. ప్రతి డైమండూ ఒక ‘ఇఫ్’, వెనక్కి తిరిగే బాణం ‘లూప్’. ఒకదాని తర్వాత ఒకటి చేయడం, ఇదా అదా అని తేల్చుకోవడం, మళ్లీ మళ్లీ చేయడం, ఈ మూడింటితో ఏ ప్రోగ్రామైనా కట్టొచ్చని 1966లోనే బోమ్, జాకోపీనీ అనే ఇద్దరు నిరూపించారు. ఆకారాల గురించి మరీ టెన్షన్ వద్దు. పరీక్షలో ఇన్‌పుట్‌కు సమాంతర చతుర్భుజమే గీయండి, ఇంట్లో డబ్బా గీసినా మోటరు ఏమీ అనుకోదు.

వైర్ల దగ్గర ఒక మాట. ఫ్లోట్ వైరు వచ్చే పిన్నును ‘ఇన్‌పుట్ పుల్అప్’గా పెడితే, బోర్డే దాన్ని లోపలినుంచి ‘హై’కి (వోల్టేజీ ఉన్న స్థితికి) లాగి ఉంచుతుంది, అందుకే వైరు తెగినప్పుడు అది ‘హై’ చదువుతుంది. కాబట్టి పై ట్యాంకు ఫ్లోట్లకు ‘హై’ అంటే ‘నీళ్లున్నాయి’ అనీ, సంపు ఫ్లోటుకు ‘హై’ అంటే ‘ఖాళీ’ అనీ వచ్చేలా అమర్చుకోండి. ఎలుక వైరు కొరికితే మోటరు ఆగిపోవాలి తప్ప రాత్రంతా నడవకూడదు.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. చాలా రిలే బోర్డులు ‘లో’ ఇస్తే ఆన్ అవుతాయి, ‘హై’ ఇస్తే ఆఫ్. నాకది తెలియక ‘ఆపు’ అని రాసిన చోటల్లా మోటరు వేశాను. ట్యాంకు పొర్లి, పక్కింటివాళ్లు డాబా మీద ఎండబోసిన మిరపకాయలన్నీ తడిశాయి. నా ఫ్లోచార్ట్ మాత్రం నూటికి నూరు శాతం కరెక్టు! అప్పట్నుంచీ మోటరు బదులు ఎల్‌ఈడీ పెట్టి ఒక పూట నడిపి చూడందే 230 వోల్టుల జోలికి పోను. మీరూ పోవద్దు. పోయినప్పుడు పక్కన ఎలక్ట్రీషియన్ ఉండాలి.

ప్రశ్న: ట్రాఫిక్ లైటు మోడల్ చేస్తున్నా. ఎర్ర లైటుకు డిలే 5000 పెట్టాను. ఆ ఐదు సెకన్లలో రోడ్డు దాటే బటన్ నొక్కితే పట్టించుకోవడం లేదు. బటన్ మార్చాను, వైర్లు మార్చాను. – మహబూబ్‌నగర్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: పాత బటన్ పారేయకండమ్మా, అది మంచిదే. డిలే అంటే ‘అంతసేపూ ఇంకేమీ అడగకు’ అని చెప్పడం. మీ ఫ్లోచార్ట్‌లో ‘5 సెకన్లు ఆగు’ అని ఒక డబ్బా ఉంటుంది చూడండి. దాన్ని కొట్టేసి డైమండ్ గీయండి: ‘ఎర్ర లైటు వెలిగి 5 సెకన్లయిందా?’ కాలేదంటే బాణం బటన్ ప్రశ్న మీదుగా వెళ్లి మళ్లీ ఇక్కడికే వస్తుంది. అన్నం పొయ్యి మీద పెట్టి ఎవరూ దాని ముందే నిలబడిపోరు. కూర తరుగుతూ మధ్యమధ్యలో మూత తీసి చూస్తారు.

కోడ్‌లో దీనికి ‘మిల్లిస్’ వాడాలి. బోర్డు మొదలైనప్పట్నుంచి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెబుతుంది. లైటు వెలిగినప్పటి అంకె దాచుకుని, ఇప్పటి అంకెలోంచి దాన్ని తీసేసి, 5000 అయిందా అని అడగండి. దాచేది ‘అన్‌సైన్డ్ లాంగ్’ అనే పెద్ద అంకెలు పట్టే రకంలోనే. ఊనో (ఆర్డుయినోల్లో ఒక రకం) బోర్డులో మామూలు ‘ఇంట్’ 32,767 దాకే పడుతుంది. అంటే సుమారు 33 సెకన్లు బాగా నడిచి, ఆ తర్వాత పిచ్చి లెక్కలు మొదలవుతాయి. మిల్లిస్ కూడా దాదాపు 49.7 రోజులకు సున్నాకు వస్తుంది, కానీ తీసివేతగా రాస్తే ఇబ్బంది రాదు.

ఒక్కసారి నొక్కితే మూడునాలుగు సార్లు లెక్కిస్తోందని రెండో ఉత్తరం రాస్తారేమో, ఇప్పుడే చెప్పేస్తా. నొక్కినప్పుడు లోపలి రేకులు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. మొదటి నొక్కు కనిపించాక 50 మిల్లీసెకన్లకు ‘ఇంకా నొక్కే ఉందా?’ అని మరోసారి అడగండి.

ప్రశ్న: మా సిలబస్‌లో 8051 ఉంది. బయట అందరూ ఆర్డుయినో అంటున్నారు. 8051 మీద టైమ్ వేస్ట్ కాదా? – వనపర్తి

జవాబు: 8051 అనే మైక్రోకంట్రోలర్‌ను ఇంటెల్ 1980లో తెచ్చింది. లోపల 4 కేబీ ప్రోగ్రాం మెమరీ, 128 బైట్ల ర్యామ్. ఊనోలోని చిప్‌కు 32 కేబీ, 2 కేబీ. పాతదే, ఒప్పుకుంటా. కానీ పైన గీసిన ట్యాంకు ఫ్లోచార్ట్‌ను రెంటిలోనూ ఒక్క గీత మార్చకుండా వాడొచ్చు. ఒకే చార్ట్‌ను ఒకసారి ‘సీ’ భాషలో, ఒకసారి అసెంబ్లీలో (చిప్ ఆదేశాలనే నేరుగా రాసే భాష) రాసి చూడండి. అసెంబ్లీలో బాణాలు కళ్లకు కనిపిస్తాయి, ప్రతి బాణమూ ఒక ‘జంప్’.

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ప్రభుత్వ టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవన్నీ చెప్పాలనుంది. బోర్డులు కొనలేం, కంప్యూటర్లు రెండే ఉన్నాయి.

జవాబు: ఆ రెండు కంప్యూటర్లలో వోక్వీ గానీ టింకర్‌క్యాడ్ గానీ తెరవండి. బ్రౌజర్‌లోనే బొమ్మ బోర్డు, బొమ్మ ఎల్‌ఈడీ ఉంటాయి, డబ్బు కట్టకుండానే నేర్పొచ్చు. టింకర్‌క్యాడ్‌లో ముక్కలు పేర్చినట్టు కూడా ప్రోగ్రాం కట్టొచ్చు.

అయితే టీచర్ గారూ, మొదటి వారం అవి కూడా వద్దు. ఒక పిల్లను పై ఫ్లోట్‌గా, ఒకర్ని కింది ఫ్లోట్‌గా, ఒకర్ని సంపుగా నిలబెట్టండి. చేయి ఎత్తితే నీళ్లున్నట్టు. ఇంకొకడు మోటరు, ‘వెయ్యి’ అంటే గిరగిరా తిరగాలి. సూడోకోడ్ కాగితం పట్టుకున్న అమ్మాయి అందులో రాసిందే అడగాలి, సొంత తెలివి వాడకూడదు. ఈ చివరి షరతు దగ్గరే క్లాసంతా గోల చేస్తుంది. సంపు చేయి దించేసినా మోటరు పిల్లాడు కళ్లు తిరిగేదాకా తిరుగుతుంటే, కాగితంలో ఏ లైను మార్చాలో పిల్లలే అరిచి చెబుతారు.

ప్రశ్న: దేవరకొండ దగ్గర పల్లె మాది. 5 హెచ్‌పీ బోరు మోటరుకు మా వాడు ఆర్డుయినో బిగిస్తానంటున్నాడు. పెట్టనియ్యమంటారా?

జవాబు: కాగితం మీద ఎంతైనా పెట్టనియ్యండన్నా, స్టార్టర్ డబ్బాలో మాత్రం సొంతంగా చేయి పెట్టనియ్యకండి. అది మూడు ఫేజులు, 415 వోల్టులు. వాడి దగ్గరుండే చిన్న రిలే మీద ‘10 ఆంపియర్లు’ అని రాసుంటుంది. మోటరు లేచేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ రిలే కాంటాక్టర్ (పెద్ద మోటర్లను వేసి ఆపే స్విచ్) కాయిల్‌ను నడిపించడానికే పనికొస్తుంది, అదీ ఎలక్ట్రీషియన్ కలిపితేనే.

ఫ్లోచార్ట్‌లో మొదటి డైమండ్ ‘మూడు ఫేజులూ ఉన్నాయా?’ అని ఉండాలి. మోటరు నడుస్తుండగా ఒక ఫేజు పోతే వైండింగు కాలుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. రెండోది ‘బోరులో నీళ్లున్నాయా?’ తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు, గుర్తుందా? మనిషి చూడకుండానే మోటర్లు నడిచి భూమిలో నీళ్లన్నీ అయిపోతాయని. మీ వాడి కాగితంలో ‘కరెంటు వచ్చింది’ నుంచి బాణం నేరుగా ‘మోటరు వెయ్యి’కి పోతే, వాడు తయారుచేస్తున్నది ఆ ఆటో స్టార్టర్‌నే. ఆ బాణం మధ్యలో ఈ రెండు ప్రశ్నలూ, వాటి పక్కన ‘కరెంటు వచ్చి రెండు నిమిషాలయిందా?’ అని ఇంకోటీ గీయించి, ఆ ఫొటో నాకు పంపమనండి. రూపాయి బిళ్ల నా దగ్గరుంది.