వెనక షెడ్డులోకి కూడా వెళ్ళు

అమ్మలూ,

నువ్వు ఢిల్లీలో విధాన పరిశోధన ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. పై దేశాల సరుకుతో మన సరుకు పోటీపడాలంటే ప్రభుత్వం ఏం చెయ్యాలో చెప్పే పని అన్నాడు. పర్లాకిమిడిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పేశాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

లెక్కలు బాగా నేర్చుకో. వేళకి తిను. చలికి మంచి స్వెట్టర్ కొనుక్కో. ర్యాంకులు చూసి మురిసిపోకు. ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్య నివేదికలో మన దేశానికి 63వ స్థానం వచ్చిందని అంతా సంబరపడ్డాం. ఆ అంకెల్లో కొన్ని దేశాలవి సరిగా లేవని తేలి, 2021లో ప్రపంచ బ్యాంకు ఆ నివేదికనే ఆపేసింది.

కుర్రతనంలో నాకు జీడిపప్పు కార్ఖానాల సర్వే పని దొరికింది. చిన్నరైల్లో నౌపడ, అక్కణ్ణుంచి పలాస. మన గజపతి జిల్లా కొండల జీడిపిక్కలూ అక్కడికి పోతాయి కదా. నాలుగు రోజుల్లో ఇరవై రెండు ఫారాలు నింపాను. అన్నీ ముందు గదిలో ఫ్యాను కింద కూర్చునే. ‘కూలీలు వారానికి రెండ్రోజులు రారండీ, అందుకే ఖర్చు’ అన్నారు షావుకార్లు. ‘పనివాళ్ళ అలసత్వం’ అని రాసేశాను.

ఆ మాట చూపించి ఒకచోట నాగా పెట్టినవాళ్ళకి కూలి కోశారని కొన్నాళ్ళకి తెలిసింది. పరుగున వెళ్ళాను. వెనక షెడ్డులో ఒకామె పిక్కలు కొడుతోంది. వేళ్ళకి బూడిద. సొన తగిలి అరచెయ్యి నల్లబడి, తోలు పొరలుగా లేచిపోయి ఉంది. ‘ఈ సేతుల్తో రోజూ ఎలాగొస్తాం బాబూ? మెతుకులు కలుపుకుంటేనే మంట’ అంది. నా దగ్గర జవాబు లేదు.

మంటపుట్టే చెయ్యి తడబడితే పప్పు విరుగుతుంది. గుండు ధర వేరు, బద్ద ధర వేరు. పౌనుకి, అంటే సుమారు 450 గ్రాములకి, 300 నుంచి 320 పప్పులు తూగే గుండుకి బయట మంచి గిరాకీ. నష్టం ఎక్కడ మొదలవుతోందో ఆ అరచేతిలోనే కనపడింది. ఆముదం, చేతొడుగులు, పిక్క కొట్టే మంచి మిషన్లు అని రాయవలసినవాణ్ణి. వియత్నాం వాళ్ళు 2006కల్లా జీడిపప్పు ఎగుమతిలో మనల్ని దాటిపోయారు. ఆమెకి కోసిన కూలి నేను తిరిగి ఇప్పించలేకపోయాను. ఇప్పటికీ పప్పు నోట్లో వేసుకుంటే ఆ చెయ్యే గుర్తొస్తుంది.

నా భయమంతా నీ మొహమాటం గురించే. చిన్నప్పుడు కొట్టుకి పంపితే ధర అడగలేక తిరిగొచ్చేదానివి. మొన్న సంక్రాంతికి వచ్చి ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నావు, పక్కింటి అత్తని కూడా పలకరించలేదు. అలా అయితే ఎలాగమ్మా? 2017లో జీఎస్‌టీ వచ్చింది, రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను గేట్లు పోయాయి. ఇప్పుడు లారీ ఎక్కడ ఆగుతోందో డ్రైవరుకి తెలుస్తుంది. టీ ఇప్పించి అడుగు. ఒడియా వాళ్ళతో ఒడియాలోనే మాట్లాడు, ఇక్కడ ఒడిశాలో పుట్టినదానివి, నీకు వచ్చు.

దసరాకి రా, పలాస తీసుకెళ్తాను. పెద్దమ్మ కంద బచ్చలి వండుతానంటోంది. మొదటి రిపోర్టు అచ్చుకి ఇచ్చేముందు నాకు ఒకసారి చదివి వినిపించు తల్లీ, ఫోన్లో అయినా సరే.

మీ పెదనాన్న