పాఠకుల ప్రశ్నలు: ఫుట్‌బాల్ ఫలితాలు వెతికిపెట్టే ఏఐ టూల్

ప్రశ్న: ముందురోజు రాత్రి ముగిసిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం అడిగితే నేను వాడే ఏఐ సహాయకుడు ఏమాత్రం తడుముకోకుండా తప్పు స్కోరు చెప్పాడు. పాత మ్యాచ్‌ల గురించి అడిగితే మాత్రం చాలావరకు సరిగ్గానే చెబుతున్నాడు. ఫలితాలను వెతికి తెచ్చే టూల్‌ను ఏఐ ఏజెంట్లకు, అంటే టూల్స్ వాడుకుంటూ పనిచేసే ఇలాంటి సహాయకులకు, జోడించవచ్చని చదివాను. అది ఎలా పనిచేస్తుంది? జోడించాక చెప్పే స్కోరును నమ్మవచ్చా?

జవాబు: మీ సహాయకుడి వెనుక ఉండేది ఒక భాషా మోడల్. దానికి శిక్షణ ఇచ్చే సమాచారం ఏదో ఒక తేదీతో ఆగిపోతుంది కనుక, ఆ తర్వాత జరిగిన మ్యాచ్ సంగతి దానికి తెలిసే వీలే లేదు. అయినా రెండు జట్ల పేర్లు కనబడగానే, వాటి మధ్య నమోదయ్యే అవకాశం ఉన్న ఒక స్కోరును అది అల్లి చెప్పగలదు. 2-1 లాంటి అంకె ఫుట్‌బాల్‌లో ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది కాబట్టి అబద్ధమని అనుమానం కూడా రాదు.

టూల్ ఈ లోటును తీర్చడానికే ఉంది. దానికి ఒక పేరు, అది చేసే పని వివరణ, దానికి అందించవలసిన వివరాల పట్టిక ఉంటాయి. మోడల్ వాటిని చదివి, అవసరమనిపిస్తే జట్టు పేరు, తేదీ నింపి ఒక అభ్యర్థన రాస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: మోడల్ తానుగా ఎక్కడికీ వెళ్లి వెతకదు. ఆ అభ్యర్థనను అందుకుని, క్రీడా సమాచారం ఇచ్చే ఏపీఐని (ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను సమాచారం అడిగే మార్గాన్ని) అడిగి, వచ్చిన జవాబును తిరిగి మోడల్ ముందు పెట్టేది దాని వెనుక నడిచే ప్రోగ్రామ్. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఉమ్మడి పద్ధతిగా 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. దాని ప్రకారం ఒకసారి తయారుచేసిన సర్వర్‌ను, అంటే టూల్స్‌ను అందించే ప్రోగ్రామ్‌ను, ఆ పద్ధతిని పాటించే వేర్వేరు సహాయకులకు జోడించుకోవచ్చు.

ఇక నమ్మకం విషయం. టూల్ ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఫలితాన్ని ఏ రూపంలో అందిస్తుందన్నదే అసలు విషయం. 2022 డిసెంబరు 18న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌నే చూడండి. నిర్ణీత సమయం ముగిసేసరికి అర్జెంటీనా, ఫ్రాన్స్ 2-2తో సమంగా నిలిచాయి. అదనపు సమయం తర్వాత స్కోరు 3-3 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో అర్జెంటీనా 4-2తో గెలిచింది. టూల్ 3-3 అని మాత్రమే అందిస్తే ఏజెంట్ మ్యాచ్ డ్రా అయిందని చెప్పి ఊరుకోవచ్చు. షూటౌట్ గోల్స్‌ను కూడా కలిపేస్తే, మైదానంలో ఎన్నడూ నమోదుకాని 7-5 అనే స్కోరు పుడుతుంది. అందుకే నిర్ణీత సమయం, అదనపు సమయం, షూటౌట్, విజేత అనే నాలుగు వివరాలనూ విడివిడిగా ఇచ్చే టూల్‌నే ఎంచుకోమని గట్టిగా చెబుతాను. రెండు జట్లు రెండు మ్యాచ్‌లు ఆడి, గోల్స్ మొత్తంతో విజేతను తేల్చుకునే రెండు అంచెల పోటీల్లో మొత్తం స్కోరు కూడా ఉండాలి: 2017లో పారిస్ సెయింట్ జెర్మైన్‌పై బార్సిలోనా 6-1తో గెలిచిందన్నది నిజమే గానీ, అంతకుముందు 0-4తో ఓడిందని తెలియకపోతే ఆ విజయం ఎంత అంచున దక్కిందో అర్థం కాదు.

ప్రశ్న: తేదీ, జట్టు పేరు సరిగ్గానే ఇచ్చినా ఒక్కోసారి ‘మ్యాచ్ లేదు’ అని వస్తోంది. కారణమేమిటి?

జవాబు: ముందుగా అనుమానించవలసింది టైమ్‌జోన్‌ను. 2014 జులై 8న బ్రెజిల్‌లోని బెలో హొరిజొంటెలో జర్మనీ 7-1తో బ్రెజిల్‌ను ఓడించిన సెమీఫైనల్ అక్కడి సమయం సాయంత్రం 5 గంటలకు మొదలైంది. అదే క్షణానికి ఆసియాలో చాలా చోట్ల క్యాలెండర్ జులై 9కి మారిపోయింది. కాబట్టి సమయాలను యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) దాచుకుని, వెతికేటప్పుడు ముందురోజు, మరుసటి రోజు కూడా చూసే టూల్ అయితే ఈ చిక్కు రాదు.

రెండో కారణం పేర్లు. ‘యునైటెడ్’ అంటే మాంచెస్టరా, న్యూకాజిలా, లీడ్సా? అలాంటప్పుడు టూల్ తనకు తోచిన జట్టును పట్టుకోకుండా, సరిపోయే పేర్లన్నీ ఇచ్చి ఏది కావాలో అడిగించాలి. ఏమీ దొరకనప్పుడు ఖాళీ జవాబు పంపడం కూడా ప్రమాదమే. ఖాళీని మోడల్ తన ఊహతో నింపేయవచ్చు కనుక ‘సమాచారం దొరకలేదు’ అని స్పష్టంగా రాసి పంపాలి.

ప్రశ్న: ఆట నడుస్తుండగా అడిగితే?

జవాబు: అప్పుడు వచ్చేది స్కోరే తప్ప ఫలితం కాదు. వీడియో సమీక్షలో గోల్ రద్దు కావచ్చు, వాన వల్ల ఆట ఆగిపోవచ్చు. పైగా ఏపీఐని పదేపదే అడగకుండా కొన్ని టూల్స్ పాత జవాబునే కాసేపు దాచి వాడుకుంటాయి. అందువల్ల మ్యాచ్ ఏ స్థితిలో ఉందో, ఆ సమాచారం ఎప్పుడు తీసుకున్నదో స్కోరుతో పాటు కనిపించాలి. మీ ఏజెంట్‌ను ఇంకా జరగని మ్యాచ్ ఫలితం అడిగి చూడండి: స్కోరు చెబితే అది టూల్‌ను అడగనే లేదేమో అనుమానించాలి, ఆట మొదలయ్యే సమయం చెబితే అడిగే చెప్పిందనుకోవచ్చు.