రెండో కీ ఇస్తానన్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు

ప్రశ్న: మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. నాలుగు నెలల కిందట చెన్నైలో పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. విదేశీ కారు, రెండు సీట్లది, గుడ్డ టాపు. బేరం కుదిర్చింది సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మిపెట్టే డీలర్. 11 లక్షలు యజమాని ఖాతాకి పంపాను, కమీషన్ 40 వేలు డీలర్‌కి యూపీఐ చేశాను. చేతికి ఇచ్చింది ఒక్క కీ. రెండోది ఇంట్లో ఉంది, కొరియర్ చేస్తానని యజమాని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఉన్న కీతో కూడా ఒక్కోసారి ఇంజిన్ అందుకుని వెంటనే ఆగిపోతోంది. అలారం అర్ధరాత్రి మోగుతుంటే ఎదురింటివాళ్లతో గొడవ. ఆర్‌సీ మీ పేరు మీద లేదు కాబట్టి కీ ఆర్డర్ తీసుకోలేమని కంపెనీ వర్క్‌షాప్‌వాళ్లు చెప్పేశారు. రెండు కీలు, ఇమ్మొబిలైజర్ బాక్సు కలిపి 1.40 లక్షలు అవుతుందట. బయట చేయించుకోవచ్చా? ఈ డబ్బు ఎవరి దగ్గర రాబట్టాలి?

జవాబు: మీరు కీ గురించి అడిగారు. ఉత్తరంలో నన్ను భయపెట్టింది మాత్రం, నాలుగు నెలలైనా ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉండటం. వర్క్‌షాప్‌వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూడకుండా ఎవరడిగితే వాళ్లకి కీ చేసిచ్చే చోట మీ కారుకి మాత్రం భద్రత ఏముంటుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం కొన్నవాడు 30 రోజుల్లో బదిలీకి తెలియజేయాలి. బండి వేరే రాష్ట్రానికి వెళ్తే అమ్మినవాడికి 45 రోజుల గడువు. మీ ఇద్దరి గడువులూ దాటిపోయాయి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకున్నారా? తమిళనాడు ఆర్టీవో నుంచి ఎన్‌వోసీకి, అంటే బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రానికి, ఫారం 28 పెట్టించారా? ఇవి లేకపోతే కారు మీ వాకిట్లో ఉన్నా, కాగితం మీద అది ఆయనదే. ఫైనాన్స్ మీద కొన్న కారైతే అప్పు తీరిందని చూపే ఫారం 35 కూడా చూడండి. ఎన్‌వోసీ వచ్చాక నెల్లూరులో లైఫ్ టాక్స్ కట్టి ఏపీ నంబరు వేయించుకోవాలి. బయటి నంబరుతో ఇక్కడ 12 నెలలు దాటి తిప్పకూడదు.

అమ్మినాయన ఫోన్ ఎత్తేలా చేసే మాట కూడా ఇక్కడే ఉంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బండి అమ్మేశాను, నాకేం సంబంధం అంటే కుదరదు. లీగల్ నోటీసులో ఈ ఒక్క వాక్యం పెట్టించండి. కీ కోసం కదలని మనిషి దీనికి కదులుతాడు. నా అనుభవంలో ఇలాంటివి సగం నోటీసుతోనే తేలిపోయాయి.

ఇక డబ్బు సంగతి. ఒక్క కీయే ఇచ్చాడన్నది కొన్నరోజే మీ కంటికి కనిపించింది. కాబట్టి ‘రెండో కీ లేదని దాచి మోసం చేశాడు’ అనే వాదన నిలబడదు. మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన విషయంలో అవతలివాడు మౌనంగా ఉన్నాడని ఒప్పందం రద్దు చేసుకోలేమని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 చెబుతోంది. సేల్ లెటర్లో ‘ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను’ అని రాసి ఉంటే ఇంకా కష్టం. కానీ మీ దగ్గర వాయిస్ మెసేజ్ ఉంది. అందులో ఆయన ఇచ్చిన మాటే మీ ఆధారం. కీ పంపిస్తానని పంపకపోవడం మాట తప్పడమే, దానివల్ల కలిగిన నష్టాన్ని అదే చట్టం సెక్షన్ 73 కింద అడగొచ్చు.

అయితే మొత్తం 1.40 లక్షలూ వస్తాయని ఆశ పెట్టుకోకండి. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీరేం ప్రయత్నం చేశారో కోర్టు చూస్తుంది. ఇమ్మొబిలైజర్ అంటే పెద్ద మాయేమీ కాదు. కీ తలలో చిన్న చిప్, తాళం పెట్టే చోటు చుట్టూ ఒక తీగచుట్ట, ఆ చిప్ నంబరుని గుర్తుపట్టే కంప్యూటర్. నంబరు కలవకపోతే ఇంజిన్ నడవనివ్వదు. మీ కారులో పోయింది చిప్పా, తీగచుట్టా, బాక్సా అన్నది ఎవరైనా చూశారా? తీగచుట్ట ఒక్కటే పోతే బాక్సు ఎందుకు మార్చాలి? ఇంకోచోట కూడా చూపించి, ఏ భాగానికి ఎంతో విడివిడిగా రాయించిన ఎస్టిమేట్ తీసుకోండి. రెండో కీ ఖర్చు అమ్మినవాడి మీద వేయొచ్చు. పాతబడి పాడైన భాగం ఖర్చు వేయడం కష్టం. ముందే పాడైందని తెలిసి దాచాడనడానికి పాత సర్వీసు బిల్లులాంటిది దొరికితే మాత్రం కథ వేరు.

యజమాని వ్యాపారి కాదు, సొంత కారు అమ్ముకున్నాడు. ఆయన మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే నిలవదు, సివిల్ దావాయే దారి. మూడేళ్ల గడువుంది, సాధారణంగా చెన్నైలో వేయాలి. డీలర్ మాత్రం కమీషన్ తీసుకుని సేవ చేసినవాడు. పేరు మార్పిడి, కీలు చూసుకుంటానని ఆయన చెప్పి ఉంటే సేవాలోపం కింద 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, అంటే నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెన్నై తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కొన్ని పరిష్కారమవుతాయి. పాత బండ్ల డీలర్లకి ఆర్టీవో ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలనే రూలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఆయనకుందో లేదో నోటీసులోనే అడగండి.

బయట కీ చేయించడం నేరం కాదు, మీ కారే కాబట్టి. కానీ ఆర్‌సీ మారాకే చేయించండి. చాసిస్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పాత కీల నంబర్లు కారు కంప్యూటర్ నుంచి తీసేయించండి. ఎవరి దగ్గరో ఉన్న ఆ రెండో కీ ఇవాళ్టికీ మీ కారు తలుపు తీస్తుందని మరిచిపోకండి.

ఇన్సూరెన్స్ కూడా ఈ ముడిలోనే ఉంది. సొంత డ్యామేజి, దొంగతనం కవరు కారుతోపాటు దానంతటదే మీకు రాదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. పాలసీ పేరు 14 రోజుల్లో మార్పించాలి. మీరు మార్పించి ఉండరు. ఇప్పుడు కారు పోతే పాత పాలసీ మీకు పనికి రాదు. పేరు మారినా, దొంగతనం క్లెయిమ్‌లో కంపెనీ మొదట అడిగేది రెండు కీలు. ఒక్కటే ఇస్తే కారు మీరే అమ్ముకున్నారేమో అన్నట్టు ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే ఒక్క కీయే వచ్చిందని ఇప్పుడే మెయిల్ రాసి పెట్టండి, కొత్త కీ చేయించాక ఆ బిల్లు కూడా పంపండి.

అలారం విషయంలో తప్పు ఎదురింటివాళ్లది కాదు. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. సైరన్ దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. పోలీసులకి చెబితే కేసుదాకా రాకపోయినా పరువు పోతుంది. నాకు తెలిసినంతలో ఇది లాయరు కంటే ముందు ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని. బ్యాటరీ నీరసించినా, బానెట్ కింది స్విచ్ తుప్పు పట్టినా అలారం ఉత్తపుణ్యానికి మోగుతుంది. కారు రోజుల తరబడి కదలకుండా ఉంటే మొదట చూడాల్సింది బ్యాటరీనే.

యజమాని వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్‌ని ఈ గొడవ తేలేదాకా మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఫోన్‌లోని రికార్డు కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, మీ లాయరుకి ఆ ఫోన్‌తోనే వెళ్లండి.