అక్కయ్యతో నాలుగు మాటలు

ప్రశ్న: అక్కయ్యా, పర్లాకిమిడిలో ఆడపిల్లల అనాథాశ్రమంలో వార్డెన్‌గా చేరి ఆరు నెలలైంది. కాలేజీలో ఉండగా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ పాఠంలో ‘అన్నా ఓ’ అనే రోగి గురించి చదివాం. తర్వాత ఆవిడే యూదు అనాథ బాలికలకు ఆశ్రమం నడిపిందట, నిజమేనా? మా కమిటీ పెద్దలు పద్దెనిమిది నిండిన పిల్లలందరికీ సంబంధాలు చూసేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక వార్డెన్, పర్లాకిమిడి

జవాబు: నిజమేనమ్మా. అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1859లో వియన్నాలో కలిగినవాళ్లింట పుట్టింది. ఆవిడ జబ్బు కథ ఉన్న పుస్తకాన్ని ఆవిడకి వైద్యం చేసిన డాక్టర్ బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో వేశారు. సరిగ్గా ఆ ఏడే ఆవిడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదు ఆడపిల్లల అనాథాశ్రమం బాధ్యత తలకెత్తుకుంది. ‘అన్నా ఓ’ ఈవిడేనని లోకానికి తెలిసింది 1953లో. అప్పటికి ఆవిడ పోయి పదిహేడేళ్లు. పాఠం చెప్పేవాళ్లు ఇప్పటికీ జబ్బు దగ్గరే ఆగిపోతారు, నాకదే ఒళ్లుమంట.

నీ రెండో ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. అంతవరకూ ఆ ఆశ్రమంలో చదువంతా పిల్లని పెళ్లికి తయారుచేయడానికే. బెర్తా ఉన్న పన్నెండేళ్లలో దాన్ని మార్చింది. పిల్ల బయటికి వెళ్లేసరికి చేతిలో ఒక పని ఉండాలని పట్టుబట్టింది. తర్వాత 1907లో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే నోయ్-ఇజెన్‌బుర్గ్‌లో యూదు మహిళా సంఘం తరఫున ఇంకో ఇల్లు తెరిచింది. పెళ్లికాకుండా తల్లులైనవాళ్లు, వాళ్ల బిడ్డలు, ఆడపిల్లల్ని అమ్మేవాళ్ల చేతిలో పడబోయినవాళ్లు, వీళ్లందరికీ చోటు. వంటింట్లో యూదుల ఆచారం కచ్చితం, మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. మన నాయనమ్మల మడి గుర్తొస్తుంది నాకు. ఆవిడకి లేసు అంటే పిచ్చి, దేశదేశాల లేసులు పోగేసి వియన్నా మ్యూజియానికి ఇచ్చింది. మన నరసాపురం లేసు చూసి ఉంటే వదిలేది కాదేమో!

1936 ఏప్రిల్‌లో మీ పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. మే నెలలో ఆవిడ పోయింది. రెండేళ్లకి, 1938 నవంబర్‌లో, నాజీ మూకలు నోయ్-ఇజెన్‌బుర్గ్ ఇంటి పెద్ద భవనాన్ని తగలబెట్టాయి. 1942లో ఇల్లు మూసేసి, మిగిలినవాళ్లని, పిల్లలతో సహా, తెరెజీన్‌స్టాట్‌లోని నాజీల నిర్బంధ శిబిరానికి తోలేశారు.

నేను గుణుపురంలో హాస్టల్ చూసిన రోజుల్లో దాతలు పుట్టినరోజులకి వచ్చి అరటిపండ్లు పంచి ఫొటోలు దిగేవారు. పిల్లలు దానికి ‘ఫొటో పండు’ అని పేరు పెట్టారు. వాళ్లకి కావలసింది ఒక్కటే, తాళం ఉన్న ట్రంకుపెట్టె. తాళంచెవిని మొలతాడుకి కట్టుకుని నిద్రపోయేవాళ్లు. ముందు ఆ పెట్టెలు ఉన్నాయో లేదో చూసుకో.

సంబంధాలు అసలే వద్దని కమిటీతో పోట్లాడకు. పిల్లల్ని వరసలో నిలబెట్టి అడిగితే అందరూ తల ఊపుతారు. ఒక్కొక్కరినీ విడిగా, బియ్యం ఏరుతూనో జడ వేస్తూనో అడుగు. నేను అలా అడిగితే ఒకామె, “ముందు కుట్టుమిషను ఇప్పించండి మేడమ్, మొగుణ్ణి నేను చూసుకుంటా” అంది.